మూత బిగిస్తే ముప్పే!
కోల్డ్ ఫ్యూజన్ ప్రయోగాల్లో ప్రాణం తీసింది అణుశక్తి కాదు, దారి లేని గ్యాసు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం మెన్లో పార్కులో ఎస్.ఆర్.ఐ. ఇంటర్నేషనల్ అనే పెద్ద పరిశోధన సంస్థ ఉంది. 1992 జనవరి 2న అక్కడి ప్రయోగశాలలో ఒక చిన్న పాత్ర పేలింది. బ్రిటన్ నుంచి వచ్చి పనిచేస్తున్న ఒక ఎలక్ట్రోకెమిస్టు ప్రాణాలు కోల్పోయారు. మరో ముగ్గురు గాయపడ్డారు. ఆ పాత్రలో జరుగుతున్నది కోల్డ్ ఫ్యూజన్ ప్రయోగం.

అణువులను కలిపి శక్తి పుట్టించే ప్రయోగం కాబట్టి పేలింది కూడా అణువేనని అనుకోవడం సహజం. విచారణలో తేలింది మాత్రం వేరు. పాత్రలో పోగుపడిన డ్యుటీరియం, ఆక్సిజన్ వాయువులు కలిసి ఒక్కసారిగా మండిపోయాయి. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి మండితే ఏమవుతుందో హైస్కూలు సైన్సు పుస్తకంలోనే ఉంది. తిరునాళ్లలో బుడగలు అమ్మేవారి సిలిండర్లు పేలిన సంఘటనలు మనవారికీ తెలియనివి కావు. ఆ ప్రమాదాలకూ దీనికీ దగ్గరి చుట్టరికమే ఉంది.

అనుభవజ్ఞులు, మంచి పరికరాలు, నిధులు ఉన్న చోటే ఇలా జరిగింది. కోల్డ్ ఫ్యూజన్ మీద మక్కువతో ఇంటి గ్యారేజీల్లోనూ, వెనక గదుల్లోనూ ఇవే ప్రయోగాలు చేసే ఔత్సాహికులు ప్రపంచమంతటా ఉన్నారు. వారికి విచారణ సంఘమూ ఉండదు, పక్కన మరో మనిషీ ఉండడు.

ఏమిటీ ప్రయోగం?

సూర్యుడిలో హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి అపారమైన శక్తి వెలువడుతుంది. దీన్నే కేంద్రక సంలీనం అంటారు. అందుకు కోట్ల డిగ్రీల వేడి కావాలి. ఆ అవసరం లేకుండా బల్ల మీద గాజు పాత్రలోనే దీన్ని సాధించామని 1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ ఫ్లైష్‌మన్, స్టాన్లీ పాన్స్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు పత్రికల వారికి చెప్పారు. లోకం ఉలిక్కిపడింది.

వారు వాడిన సరంజామా పెద్దదేమీ కాదు. ఒక పల్లాడియం కడ్డీ, దాని చుట్టూ ప్లాటినం తీగ, లిథియం లవణం కలిపిన భారజలం, కరెంటు. భారజలమంటే మామూలు హైడ్రోజన్‌కు బదులు బరువైన హైడ్రోజన్, అంటే డ్యుటీరియం ఉన్న నీరు. మనకిది కొత్త పేరు కాదు. మణుగూరు భారజల కర్మాగారంలో 1991లోనే ఉత్పత్తి మొదలైంది. కరెంటు పారితే భారజలం విడిపోయి డ్యుటీరియం పల్లాడియంలోకి ఇంకుతుంది. పల్లాడియం తన ఘనపరిమాణానికి దాదాపు 900 రెట్లు హైడ్రోజన్‌ను పీల్చుకోగలదు. అంత కిక్కిరిసిన చోట డ్యుటీరియం కేంద్రకాలు కలిసిపోయి వేడి పుడుతోందన్నది ఆ ఇద్దరి వాదన.

సామాను తక్కువ, ఆశ ఎక్కువ. కొన్ని వారాల్లోనే ప్రపంచమంతటా ఈ ప్రయోగం మొదలైంది. మన ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలోనూ 1989లో చేశారు. ఎక్కువ మందికి ఫలితం రాలేదు. అమెరికా ఇంధన శాఖ 1989లో ఒకసారి, 2004లో మరోసారి నిపుణులతో పరిశీలింపజేసినా సంలీనం రుజువైందని తేలలేదు. గూగుల్ సంస్థ నిధులతో కొన్నేళ్లపాటు సాగిన పరిశోధన కూడా ఆధారం దొరకలేదని 2019లో 'నేచర్' పత్రికలో ప్రకటించింది. అయినా ఆశ చావలేదు. 2023లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి ఈ రంగంలో ఎనిమిది బృందాలకు కోటి డాలర్లు కేటాయించింది.

వేడి పుడుతుందా లేదా అన్న వాదన అలా ఉంచితే, గ్యాసు పుట్టడంలో ఎవరికీ సందేహం లేదు. నీటిలో కరెంటు పారిన ప్రతిసారీ అది పుట్టి తీరుతుంది.

గ్యాసు లెక్క

ఒక ఆంపియరు కరెంటు ఒక గంటసేపు పారితే హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ కలిపి దాదాపు 680 మిల్లీలీటర్ల గ్యాసు వస్తుంది. సీసాకు మూత గట్టిగా బిగించి, లోపల 100 మిల్లీలీటర్ల ఖాళీ మాత్రమే ఉందనుకుందాం. గంట తిరిగేసరికి లోపలి పీడనం దాదాపు ఏడు వాతావరణాల మేర పెరుగుతుంది. ఇంట్లో ప్రెషర్ కుక్కరు విజిల్ వేసేటప్పుడు లోపల అదనంగా ఉండేది దాదాపు ఒక వాతావరణ పీడనమే. అంటే ఏడు కుక్కర్ల ఒత్తిడి ఒక పచ్చడి సీసాలో ఉన్నట్లు లెక్క. కుక్కరుకు వెయిట్ ఉంటుంది, సేఫ్టీ వాల్వు ఉంటుంది. సీసాకు అవేవీ ఉండవు.

ఈ ప్రయోగం గంటతో అయ్యేదీ కాదు. పల్లాడియం నిండా డ్యుటీరియం ఎక్కడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. రాత్రిళ్లు కూడా కరెంటు నడుస్తూనే ఉంటుంది. మనిషి నిద్రపోతాడు, గ్యాసు పుట్టడం ఆగదు.

పీడనం ఒక్కటే అయితే సీసా పగిలి ఊరుకునేది. ఇక్కడ పోగుపడుతున్నది మండే గ్యాసు, దాన్ని మండించే గ్యాసు. అదీ రెండు పాళ్లకు ఒక పాలు చొప్పున, మండడానికి సరిగ్గా సరిపోయే మోతాదులో ఉంటాయి. ఆ మిశ్రమం ఒక లీటరు ఉంటే అందులోని శక్తి దాదాపు ఒకటిన్నర గ్రాముల టి.ఎన్.టి. మందుగుండుకు సమానం. మూసిన పాత్రలో అది అంటుకుంటే అప్పటికున్న పీడనం రెప్పపాటులో పదిరెట్ల దాకా పోతుంది. ముందే ఎనిమిది వాతావరణాల ఒత్తిడి ఉన్న సీసాలో అంటుకుంటే ఎనభై. మంట విస్ఫోటంగా మారితే గోడలకు తగిలే దెబ్బ ఇంకా ఎక్కువ.

బ్యాటరీ షాపుల వారికి ఈ సంగతి అనుభవంతో తెలుసు. లారీ బ్యాటరీలు ఛార్జింగుకు పెట్టేటప్పుడు మూతలు విప్పుతారు. దగ్గర బీడీ కాల్చనివ్వరు. కారణం ఇదే గ్యాసు.

అయినా మూత ఎందుకు బిగిస్తారు?

తెలిసి తెలిసీ మూత బిగించడానికి కారణముంది. ఈ ప్రయోగమంతా వేడి కొలిచే లెక్క. ఎంత కరెంటు లోపలికి పోయింది, ఎంత వేడి బయటికి వచ్చింది అన్నదే తేల్చాలి. గ్యాసు బయటికి పోతే దానితోపాటు కొంత శక్తీ పోతుంది, లెక్క తప్పుతుంది. పైగా భారజలం ఖరీదైనది. కాబట్టి పాత్ర మూసేసి, పైభాగంలో ప్లాటినమో పల్లాడియమో పూసిన ఉత్ప్రేరకాన్ని వేలాడదీస్తారు. పుట్టిన రెండు వాయువులూ దాని మీద నెమ్మదిగా కలిసి మళ్లీ నీరై కిందికి జారతాయి. ఉపాయం మంచిదే. అది పనిచేసినంత సేపే మంచిది.

ఆ ఉత్ప్రేరకం మీద నీటి తుంపర పడి తడిస్తే పని ఆగిపోతుంది. ఆగినట్లు పైకి కనిపించదు. గ్యాసు మాత్రం గంట గంటకూ పేరుకుంటుంది. తర్వాత ఎప్పుడో అది ఆరి, ఒక్కసారిగా పని మొదలుపెడుతుంది. అప్పటికి చుట్టూ ఉన్నది మోతాదు మించిన మిశ్రమం. ఉత్ప్రేరకం ఎర్రగా కాలి అదే నిప్పవుతుంది. వాయువులను శాంతింపజేయడానికి పెట్టిన వస్తువే వాటిని అంటిస్తుంది.

రెండో నిప్పు పల్లాడియం కడ్డీ. నీటి మట్టం తగ్గి దాని కొన బయటపడితే లోపలి డ్యుటీరియం బయటికి వచ్చి ఆ కొన మీదే ఆక్సిజన్‌తో కలుస్తుంది. లోహం కాలిపోతుంది. పాత్రను కదిపినా, వంచినా, ఎత్తినా ఇదే ముప్పు. మామూలుగా ఉన్న పాత్రను చేతుల్లోకి తీసుకునే క్షణమే మిక్కిలి ప్రమాదకరమని ఈ రంగంలోని వారు గుర్తుంచుకోవాలి.

ఇవేవీ లేకపోయినా చిన్న నిప్పురవ్వ చాలు. గాలిలో హైడ్రోజన్ నూటికి నాలుగు పాళ్ల నుంచి డెబ్బై ఐదు పాళ్ల దాకా ఎంత ఉన్నా మండుతుంది. నైలాన్ చొక్కా విప్పేటప్పుడు చిటపటమనే రవ్వలో దాన్ని అంటించడానికి కావలసిన దానికన్నా ఎక్కువ శక్తే ఉంటుంది.

కుక్కరుకు ఉన్నట్లే సేఫ్టీ వాల్వు పెడితే సరిపోదా అని అడగవచ్చు. తప్పక పెట్టాలి. అయితే వాల్వు కాపాడేది నెమ్మదిగా పెరిగే పీడనం నుంచే. మిశ్రమం అంటుకున్నాక వాల్వు తెరుచుకునేంత వ్యవధి ఉండదు. అందుకే గ్యాసు పోగుపడకుండా చూడడమే అసలు రక్షణ.

నికెల్ పొడి, కొలిమి గొట్టం

పల్లాడియం ధర ఔత్సాహికులకు అందేది కాదు. 2011లో ఇటలీలోని బొలోన్యాలో ఆండ్రియా రోసీ అనే ఆయన నికెల్ పొడి, హైడ్రోజన్‌తోనే వేడి పుట్టించే యంత్రం చేశానని ప్రకటించడంతో వారి చూపు అటు మళ్లింది. ఆ యంత్రాన్ని పరీక్షించామంటూ 2014 అక్టోబరులో ఒక నివేదిక వచ్చింది. అదే ఏడాది చివర అలెగ్జాండర్ పార్ఖొమోవ్ అనే రష్యన్ భౌతికశాస్త్రవేత్త అలాంటి ప్రయోగమే చేసి, అందరికీ అర్థమయ్యేలా వివరాలు వెల్లడించాడు. ఇక చూడాలి! 2015లో దేశదేశాల ఔత్సాహికులు పింగాణీ గొట్టాలు, హీటరు తీగలు పట్టుకుని కూర్చున్నారు.

ఈ పద్ధతిలో అల్యూమినా గొట్టంలో నికెల్ పొడి, లిథియం అల్యూమినియం హైడ్రైడ్ అనే పొడి కలిపి వేసి, రెండు కొసలూ మూసేసి, వెయ్యి డిగ్రీలకు పైగా కాలుస్తారు. హైడ్రైడ్ వేడికి విడిపోయి హైడ్రోజన్ ఇస్తుంది. సిలిండరు కొనే పని లేదు, చిటికెడు పొడి చాలు. అసలు చిక్కు ఆ చిటికెడులోనే ఉంది.

లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. పొడి గ్రాములో పదో వంతు. గొట్టంలో ఖాళీ రెండు మిల్లీలీటర్లు. 200 డిగ్రీలు దాటే వేళకు విడుదలయ్యే హైడ్రోజన్ అంతా బయటికి వస్తే లోపల పీడనం దాదాపు 75 వాతావరణాలకు చేరుతుంది. లారీ టైరులో ఉండే గాలి ఒత్తిడికి ఇది ఎన్నో రెట్లు. తూకంలో చిన్న పొరపాటు జరిగి పొడి రెట్టింపు పడితే ఆ అంకె నూట యాభై. గొట్టంలో ఖాళీ సగానికి తగ్గినా అంతే.

ఉక్కు అయితే పగిలే ముందు కొంత ఉబ్బుతుంది, సాగుతుంది. పింగాణీ జాతి గొట్టానికి ఆ గుణం లేదు. నిక్షేపంగా కనిపిస్తూనే ముక్కలవుతుంది. తొందరపడి వేడి పెంచినా, తగ్గించినా ఆ మార్పుకే బీటలు వారుతుంది. అప్పుడు ఎగిరేవి ఎర్రగా కాలిన ముక్కలు, వాటితో కలిసి మండే లోహపు పొడి. పోనీ ఉక్కు గొట్టం వాడదామంటే వేడెక్కిన ఉక్కులోంచి హైడ్రోజన్ జారిపోతుంది, కొన్ని రకాల ఉక్కును పెళుసుగానూ మారుస్తుంది. ఆ ఏడాది ప్రయోగాల్లో గొట్టాలు పగిలిన, పేలిన అనుభవాలు ఔత్సాహికులకు కొదవలేదు.

ఆ హైడ్రైడ్‌కు నీరు తగిలితే భగ్గుమంటుంది. కాబట్టి అంటుకున్నప్పుడు బక్కెటుతో నీళ్లు కుమ్మరిస్తే మంట ఆరదు, పెరుగుతుంది. పొడి ఇసుకే శరణ్యం. నికెల్ పొడి సన్నని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, క్యాన్సర్ కారకమన్న అనుమానం కూడా ఉంది. మూతికి రుమాలు కట్టుకుంటే ఆగేది కాదది.

పేలితే రుజువు దొరికినట్లా?

ఈ కథలో అన్నిటికన్నా ఆలోచించవలసిన విషయం మరొకటి ఉంది. మిగతా చోట్ల పాత్ర పేలితే పొరపాటు జరిగిందంటారు. కోల్డ్ ఫ్యూజన్ మీద ఆశ పెట్టుకున్న వారికి మాత్రం పేలుడు శుభవార్తలా వినిపించే ప్రమాదముంది. ఇంత శక్తి ఎక్కడినుంచి వచ్చింది, ఇదే సంలీనం కాబోలు అని మనసు పరుగు తీస్తుంది.

ఫ్లైష్‌మన్, పాన్స్‌లకే ఇది ఎదురైంది. 1980ల మధ్యలో, లోకానికి చెప్పక ముందు, వారి ప్రయోగంలో పల్లాడియం ముక్క చాలా భాగం కరిగిపోయి పాత్ర ధ్వంసమైంది. పొగలు పోవడానికి కట్టిన అర కూడా దెబ్బతింది. పల్లాడియం కరగడానికి 1,550 డిగ్రీలకు పైగా వేడి కావాలి. 1989లో ప్రచురించిన వ్యాసంలో ఆ సంగతి రాసి, అలాంటి ప్రయోగం మంటకు దారితీయవచ్చని హెచ్చరించారు. వారు దాన్ని అసాధారణ శక్తికి సూచనగా భావించారు. విమర్శకులు నమ్మలేదు. డ్యుటీరియం నిండిన పల్లాడియం గాలి తగిలితే ఏం చేస్తుందో రసాయన శాస్త్రానికి తెలిసినదే.

2005 జనవరిలో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో తదాహికో మిజునో చేస్తున్న ప్రయోగంలో గాజు పాత్ర పేలింది. ఆయనకూ, అక్కడున్న మరొకరికీ గాజు ముక్కలు గుచ్చుకుని గాయాలయ్యాయి. ఆ తర్వాత ఆయన రాసిన వ్యాసంలో ఆ పేలుడులో వెలువడిన శక్తి అసాధారణమైనదని వాదించారు.

ఈ వాదనలను తూచడానికి ఒక సులువైన రాయి ఉంది. మామూలుగా తెలిసిన పద్ధతిలో డ్యుటీరియం సంలీనం జరిగి ఒక్క వాటు వేడి పుట్టినా సెకనుకు దాదాపు లక్ష కోట్ల న్యూట్రాన్లు వెలువడాలి. పక్కన నిలబడిన మనిషి బతకడు. ఈ ప్రయోగాల్లో అలా న్యూట్రాన్ల దెబ్బకు పోయినవారు లేరు. గాయపడినవారికి తగిలినవి గాజు పెంకులు, లోహపు ముక్కలు. సంలీనం కొత్త తరహాలో జరుగుతోందనేవారు అది వేరే మార్గమంటారు. అలాగే కానీయండి. పగిలిన పాత్రలో మాత్రం వేడి కొలిచే పరికరం ఉండదు, కొలత ఉండదు. కొలత లేని చోట రుజువు లేదు. మిగిలేది హెచ్చరికే. ఆ హెచ్చరికను రుజువుగా చదువుకున్నవాడు మర్నాడు అదే మూతను ఇంకా గట్టిగా బిగిస్తాడు.

పాటించవలసినవి

శాస్త్రం మీద ఆసక్తిని ఎవరూ తప్పు పట్టరు. ఆసక్తితోపాటు ఉండవలసినవి కొన్ని ఉన్నాయి.

గ్యాసుకు ఎప్పుడూ దారి ఉండాలి. గొట్టం కొసను నీటిలో ముంచి ఉంచితే బుడగలు కనిపిస్తాయి. బుడగలు ఆగితే దారి మూసుకుపోయిందని, లేదా ఎక్కడో లీకవుతోందని అర్థం. వెంటనే కరెంటు ఆపాలి.

పాత్రలో నీటిపైన ఖాళీ వీలైనంత తక్కువగా ఉంచాలి. ఖాళీ తగ్గితే పేలగల మిశ్రమమూ తగ్గుతుంది. అయితే అప్పుడు పీడనం త్వరగా పెరుగుతుంది కాబట్టి గ్యాసు పోయే దారి మరింత భద్రంగా ఉండాలి.

మూసిన పాత్ర తప్పనిసరి అయితే పీడనం చూపే మీటరు, పీడనం మించితే కరెంటు తానే ఆగిపోయే ఏర్పాటు, సేఫ్టీ వాల్వు మూడూ ఉండాలి. ఒకటి ఉంటే చాలదు.

పాత్రకూ మనిషికీ మధ్య మందపాటి పాలికార్బొనేట్ పలక నిలబెట్టాలి. మామూలు కిటికీ అద్దం పెడితే పేలుడుకు అదీ ముక్కలై ఎగురుతుంది. కళ్లద్దాలు, ముఖానికి కవచం లేకుండా దగ్గరికి పోరాదు.

కరెంటు ఆపి, నైట్రోజనో ఆర్గానో పంపి లోపలి గ్యాసును తరిమేదాకా పాత్రను కదపరాదు, ఎత్తరాదు, వంగి చూడరాదు.

హైడ్రోజన్ తేలిక. పైకప్పు కింద చేరుతుంది. గదికి పైభాగంలో గాలి పోయే దారి ఉండాలి. స్విచ్చి వేసినా, మోటారు తిరిగినా రవ్వ పుట్టవచ్చు.

ఒంటరిగా చేయరాదు. రాత్రి నడుస్తుంటే వదిలి నిద్రపోరాదు.

ఈ మాటలు కోల్డ్ ఫ్యూజన్ జోలికి పోనివారికీ వర్తిస్తాయి. నీటితో బండి నడుపుతామంటూ బ్యాటరీ పెట్టి నీటిని విడగొట్టే యువకులకు అదే గ్యాసు, అదే సీసా, అదే మూత. వారిలో కొందరు నీటిలో ఉప్పు వేస్తారు. అప్పుడు విషవాయువైన క్లోరిన్ కూడా పుడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పలకలు వాడితే నీటిలోకి విషపూరితమైన క్రోమియం లవణాలు దిగవచ్చు. ఆ నీటిని కాలువలో పారబోయడం మరో తప్పు.

బడిలో సైన్సు మాస్టార్లు నీటి విద్యుద్విశ్లేషణ చూపేటప్పుడు పరీక్షనాళికలో కొద్దిపాటి గ్యాసు పట్టి, అగ్గిపుల్ల చూపి 'టప్'మనిపిస్తారు. పిల్లలు నవ్వుతారు. ఆ చప్పుడు చేసేది నాళికలో పట్టేంత గ్యాసు. సీసాలో నింపి మూత బిగిస్తే అదే గ్యాసు మనిషిని తీసుకుపోగలదని ఆ పాఠంలోనే, ఆ రోజే చెబితే మంచిది. ఫలితం రాని ప్రయోగాన్ని రేపు మళ్లీ చేసుకోవచ్చు. పోయిన కన్ను మాత్రం మళ్లీ రాదు.